నాగరత్నం మేడమ్, కాపలా కణాలు

విజయవాడలో మా ఆస్పత్రి మూడో అంతస్తులో, మందు ఎక్కించే గదిలో, ఆ రోజు గోంగూర రొయ్యల వాసన వచ్చింది. అవనిగడ్డ నుంచి వచ్చిన ఒక పెద్దాయన మంచం మీద పడుకుని ఉన్నారు. రెవెన్యూలో పనిచేసి రిటైరైన మనిషి. మరుపు జబ్బు తొలి దశలో ఉంది. ఆ దశలోనే పనిచేసే కొత్త మందు సీసాలోంచి చుక్క చుక్కగా ఆయన చేతిలోకి దిగుతోంది. పొద్దున్నే బస్సెక్కి వచ్చారేమో, ఆయన భార్య క్యారియర్ గిన్నె మూత తీసింది. "ఇక్కడ తినకూడదమ్మా, బయటికి తీసుకెళ్ళండి" అని నర్సు కసురుకుంది. ఆవిడ కంగారుగా మూత పెట్టేసింది కానీ వాసన గదిలోనే ఉండిపోయింది. ఆ పులుపు, ఆ ఉప్పునీటి రొయ్య వాసన తగలగానే నేను చేతిలో ఉన్న కాగితాలు బల్ల మీద పెట్టేసి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. మా నాగరత్నం మేడమ్ మధ్యాహ్నం స్టాఫ్ రూములో డబ్బా తెరిస్తే వరండా చివరి దాకా ఇదే వాసన వచ్చేది. ఇలాంటి గదిలో, ఇలాంటి మందు కింద పడుకోవాలని ఆవిడ కోరుకున్నారు. కుదరలేదు.

మేడమ్ బందరులో మా జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేవారు. నాగాయలంక దగ్గర సముద్రం మీద వేటకు వెళ్ళే కుటుంబం వాళ్ళది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆవిడే. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నూలు చీరలో ఉండేవారు. గొంతు మాత్రం పెద్దది. ఒడ్డున నిలబడి పడవలోని వాళ్ళతో మాట్లాడిన అలవాటు అనేవారు నవ్వుతూ. నేను గూడూరులో ఒక గుమాస్తా గారి అమ్మాయిని. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పడంలో నన్ను మించినవాళ్ళు లేరని నాకు గర్వంగా ఉండేది. మేడమ్ క్లాసులో ఆ గర్వం ఎన్నాళ్ళో నిలవలేదు.

ఒక రోజు ప్రాక్టికల్స్ గదికి నీళ్ళ బకెట్టుతో వచ్చారు. అందులో బతికున్న రొయ్యలు. వాళ్ళ తమ్ముడు పోతురాజు నాగాయలంక నుంచి బస్సులో తెచ్చి ఇచ్చి వెళ్ళాడు. సిలబస్సులో అలాంటిదేమీ లేదు. రొయ్య నుంచి ఒక చుక్క రక్తం తీసి, గాజు పలక మీద వేసి, దానికి కొంచెం నల్ల సిరా కలిపి, మైక్రోస్కోపు కింద పెట్టారు. మొదటి పలక మీద రక్తం గడ్డకట్టేసింది. రెండోదీ అంతే. మా వెనక బెంచీలో నవ్వులు మొదలయ్యాయి. ఆవిడ ఉప్పునీళ్ళు కలిపి మళ్ళీ చేశారు. కాసేపు ఆగి నన్ను పిలిచారు. కన్ను పెట్టి చూశాను. గుండ్రటి చిన్న కణాలు సిరా రేణువులను ఒక్కొక్కటే తమలోకి లాక్కుంటున్నాయి. చూస్తుండగానే వాటి కడుపులు నల్లబడుతున్నాయి.

"తింటున్నాయి మేడమ్!" అని అరిచాను.

"తినడం చూశావు. తిన్నాక ఏమవుతుందో కూడా చూడు."

నేను చూస్తూనే ఉన్నాను. గంట కొట్టారు, మిగతావాళ్ళు వెళ్ళిపోయారు. బాగా తిన్న ఒక కణం ఉబ్బి, అంచులు చెదిరి, పగిలిపోయింది. లోపలిదంతా బయటికి వచ్చి చుట్టుపక్కల పరుచుకుంది. నాకు ఎందుకో దిగులేసింది. మేడమ్ నా భుజం మీద చెయ్యి వేసి, "శరీరానికి కాపలా కాసేవాళ్ళు వీళ్ళు. కాపలా వల్లే ఒక్కోసారి ఇల్లు పాడవుతుంది. అది ఎప్పుడు, ఎందుకు అన్నది ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదు" అన్నారు. టీచరు నోటి నుంచి తెలియదన్న మాట వినడం నాకు అదే మొదలు. ఆ మధ్యాహ్నమే నేను అప్పజెప్పడం మానేసి చదవడం మొదలుపెట్టానని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ ఏడే మమ్మల్ని కొందరిని నాగాయలంక తీసుకెళ్ళారు. రొయ్యల చెరువుల్లో తెల్లమచ్చ తెగులు పడిన రోజులవి. పోతురాజు సముద్రం మీద వేట మానుకుని కొత్తగా చెరువు వేశాడు. గట్టు పొడుగునా చచ్చిన రొయ్యలు కుప్పలుగా పడి ఉన్నాయి. ముక్కు మూసుకుని నిలబడ్డాం. అతను మోకాళ్ళ దాకా బురదతో గట్టెక్కి వచ్చి అక్క ముందు కూలబడ్డాడు.

"పొద్దున మేత తిన్నాయి. సాయంత్రానికి తేలిపోయాయక్కా. మన పిల్లలకి టీకాలు ఏత్తారు గదా, ఈటికి లేదా?"

"లేదురా. టీకా అంటే ఒంటికి శత్రువుని ముందే చూపించి గుర్తు పెట్టించడం. రొయ్య ఒంట్లో తినే కణాలే ఉంటాయి. మనకున్నట్టు గుర్తు పెట్టుకునే కణాలు ఉండవు. ఎప్పుడొచ్చినా దానికి కొత్త శత్రువే."

"అయితే మనిషి పుటక నయమే అన్నమాట."

"నయమేరా. మనకి గుర్తుంటుంది" అన్నారు మేడమ్, తమ్ముడి తల నిమురుతూ. ఆ మాట ఆవిడ ఎంత మామూలుగా అన్నారో నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. తర్వాత రోజుల్లో అది తలచుకున్నప్పుడల్లా ఆ మాట అక్కడ అనకపోయి ఉంటే బాగుండును అనిపించేది. మాట వల్ల ఏదీ జరగదని తెలిసి కూడా.

నేను మెడిసిన్‌లో చేరడానికి మా నాన్నగారిని ఒప్పించింది ఆవిడే. గూడూరు వచ్చి, మా అరుగు మీద కూర్చుని, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా మాట్లాడి వెళ్ళారు. తర్వాత నేను న్యూరాలజీ తీసుకున్నానని చెబితే ఫోనులోనే పెద్దగా నవ్వారు. "మెదడులో కూడా తినే కణాలు ఉంటాయిటగా. వాటి సంగతి చూసి నాకు చెప్పు" అన్నారు. ఆవిడ రిటైరయ్యాక గుడివాడలో స్థిరపడ్డారు. భర్త సత్యనారాయణ మాష్టారు అక్కడి హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పిల్లలు లేరు. వీధిలో పిల్లలందరూ వాళ్ళింట్లోనే చదువుకునేవారు. నేను ఎప్పుడో ఒకసారి వెళ్ళేదాన్ని. వెళ్ళినప్పుడల్లా ఏదో ఒక ప్రశ్న దాచి ఉంచేవారు నా కోసం.

అలాంటి మనిషి ఒక రోజు మాష్టారితో కలిసి నా గదిలోకి వచ్చి, పేషెంట్లు కూర్చునే కుర్చీలో కూర్చున్నారు. మాష్టారు ముందుగా అందుకున్నారు. "ఏం లేదమ్మా అనూరాధా, వయసు మీద పడింది గదా, చిన్న చిన్నవి మర్చిపోతోంది. ఏవన్నా విటమిన్లు రాస్తావని."

"మీరు ఆగండి. నేను చెబుతాను" అన్నారు మేడమ్. "పామర్రు సెంటర్లో బస్సు దిగాను. తమ్ముడి దగ్గరికి బయల్దేరాను. ఎన్నేళ్ళుగా మారుతున్నానో అక్కడ బస్సు. బోర్డుల మీద అక్షరాలు చదవగలుగుతున్నాను, కానీ వాటిలో నాది ఏదో తెలియలేదు. ఒకటి వెళ్ళిపోయింది, ఇంకోటి వెళ్ళిపోయింది. చివరికి టీ కొట్టు అబ్బాయిని అడిగాను, నేనెటు వెళ్ళాలి బాబూ అని. వాడు నవ్వాడు. అదృష్టం కొద్దీ ఇంటి నంబరు గుర్తుంది. ఈయన వచ్చేదాకా బల్ల మీద కూర్చున్నాను." ఆగి నా కళ్ళలోకి చూశారు. "ఇది వయసేనా?"

పరీక్షలు చేశాను. గడియారం బొమ్మ వెయ్యమని కాగితం ఇచ్చాను. గుండె బొమ్మను బోర్డు మీద ఒక్క గీతతో వేసే చెయ్యి అది. అంకెలన్నీ ఒక పక్కకి చేరిపోయాయి. ఆవిడ బొమ్మ వైపు చాలాసేపు చూసి, "ఇది తప్పని తెలుస్తోంది అనూరాధా. ఎక్కడ తప్పో తెలియడం లేదు" అన్నారు. నేను ఎంతోమందికి ఆ కాగితం ఇచ్చాను. ఆ మాట అంత సూటిగా చెప్పినవాళ్ళు మరొకరు లేరు.

స్కానింగు, వెన్నులోంచి తీసిన నీటి పరీక్ష అన్నీ ఒకే మాట చెప్పాయి. అల్జీమర్స్. ఆ సంగతి నేను చెప్పాక మాష్టారు కిటికీ వైపు తిరిగిపోయారు. మేడమ్ కుర్చీ ముందుకి లాక్కున్నారు. "పేరు సరే. లోపల ఏం జరుగుతోందో చెప్పు. నాకు పాఠంలా చెప్పు."

చెప్పాను. నరాల కణాల మధ్య అమిలాయిడ్ అనే ప్రొటీను చెత్తలా పేరుకుపోతుందని, మెదడులోని కాపలా కణాలు, మైక్రోగ్లియా అంటాం వాటిని, ముందు అవి చెత్తను చుట్టుముట్టి తినడానికి చూస్తాయని చెప్పాను. మొదట్లో ఆ పని మంచే చేస్తుందని, ఏళ్ళు గడిచేకొద్దీ తినలేక, ఊరుకోలేక, ఎర్రగా మండుతూ ఉండిపోతాయని, అప్పుడు నరానికీ నరానికీ మధ్య ఉండే ముడులను కూడా తెంపేస్తాయని చెప్పాను. ఆవిడ వింటున్నారు. క్లాసులో నేను విన్నట్టుగా.

"అయితే వాటిని శాంతపరచాలా, రెచ్చగొట్టాలా?"

"అదే తేలడం లేదు మేడమ్. తొలి దశలో చురుగ్గా పనిచేయించాలని కొందరు, తర్వాత దశలో మంట తగ్గించాలని కొందరు చూస్తున్నారు. రెండు దారుల్లోనూ ప్రయోగాలు నడుస్తున్నాయి. ఇప్పటికి కొంత ఫలితం కనిపించింది యాంటీబాడీలతోనే. అవి వెళ్ళి చెత్తకు అంటుకుంటాయి. అప్పుడు కాపలా కణాలు దాన్ని గుర్తుపట్టి తినేస్తాయి. పోయిన జ్ఞాపకం వెనక్కి రాదు. జారిపోవడం కొంచెం నెమ్మదిస్తుంది, అంతే. కొందరికి మెదడులో వాపు వస్తుంది, సన్నటి రక్తనాళాలు చిట్లుతాయి. ఆ మందు ఇంకా మన దేశానికి రాలేదు."

"ప్రయోగాలకి మనుషులు కావాలిగా. నన్ను తీసుకోమను."

మాష్టారు వెనక్కి తిరిగారు. "నువ్వేమన్నా రొయ్యవా?" అన్నారు కోపంగా. మేడమ్ ఆయన చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

మరో నగరంలో అలాంటి మందు మీదే ప్రయోగం మొదలవుతోందని తెలిసి అక్కడివాళ్ళతో మాట్లాడాను. దశ సరిపోయింది, వయసు సరిపోయింది. ఆశ పడ్డాం. మేడమ్ కొత్త చీర కూడా కొనుక్కున్నారు, ప్రయాణానికని. కానీ వాళ్ళు అడిగిన ప్రత్యేకమైన ఎమ్మారై తీయించినప్పుడు మెదడు అంచుల్లో నల్లటి చుక్కలు కనిపించాయి. సన్నటి రక్తనాళాలు ఎప్పుడో, ఎవరికీ తెలియకుండా, అక్కడక్కడ చిట్లిన గుర్తులు. అవి ఉన్నవాళ్ళకి ఆ మందు ఇస్తే పెద్ద రక్తస్రావం కావచ్చు. వాళ్ళు వద్దన్నారు. వాళ్ళు వద్దనకపోయినా నేనే వద్దనాల్సి వచ్చేది.

ఫిల్మును వెలుతురులో పెట్టి చూపించాను. ఆవిడ వేలితో ఒక్కో చుక్కనీ తాకారు. "మైక్రోస్కోపులో సిరా చుక్కల్లా ఉన్నాయి" అన్నారు. కాసేపటికి, "సరే. బతికుండగా పనికిరాను. పోయాక పనికొస్తానా?" అన్నారు.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"తల తీసి చూడండి. నా కాపలా కణాలు ఏం చేశాయో, ఎక్కడ దారి తప్పాయో చూడండి. పిల్లలకి ఎన్ని జంతువులని కోసి చూపించాను! నన్ను కోసి చూడడానికి ఎవరైనా ఉండాలిగా." మాష్టారి వైపు తిరిగారు. "అప్పటికి నేను చెప్పలేను. మీరు చెప్పాలి. చెబుతారా?"

మాష్టారు తల ఊపారు. మరణించిన కొద్ది గంటల్లోనే మెదడును సేకరించాలని, వెంటనే నాకు ఫోను చెయ్యాలని, ఏ వేళైనా పరవాలేదని చెప్పాను. ఆయన మళ్ళీ తల ఊపారు.

తర్వాత జారుడు మొదలైంది. ముందు ఊళ్ళ పేర్లు పోయాయి, తర్వాత మనుషుల పేర్లు. స్టవ్ మీద పాలు, వీధి తలుపు గొళ్ళెం. చదువుకోవడానికి వచ్చే పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. ఆవిడ పూర్తిగా తడబడిపోయాకే ఆ మందు మన దేశానికి వచ్చింది. పేపర్లో చదివి మాష్టారు గుడివాడ నుంచి పరుగున వచ్చారు. మేడమ్ పక్కనే కూర్చుని చీర కొంగు మడతలు పెడుతున్నారు, విప్పుతున్నారు.

"వచ్చింది గదమ్మా, ఇప్పుడైనా ఇవ్వు."

"మాష్టారూ, ఇది మొదట్లో ఉన్నవాళ్ళకే పనిచేస్తుంది. పైగా ఆ చుక్కలు ఇంకా పెరిగాయి. ఇస్తే ప్రాణం మీదికి రావచ్చు."

"ఏ ప్రాణం? ఉన్నదేమిటి మీదికి రావడానికి?" ఆయన లేచి నిలబడ్డారు. "నిజం చెప్పు. ఆవిడ మీ మేడమ్ కాబట్టి భయపడుతున్నావు. ఎవరో దారిన పోయేవాళ్ళయితే ఇచ్చి చూసేదానివి."

ఆయన వెళ్ళాక మరో పెద్ద డాక్టరుకు ఆ ఫిల్ములన్నీ పేరు చెప్పకుండా చూపించి అడిగాను. ఆయన క్షణం ఆలోచించకుండా వద్దన్నారు. నేను చేసింది సరైనదే. అది సరైనదే అయినందుకు నాకు ఎక్కడా ఊరట దొరకలేదు. మందు కొన్నేళ్ళు ముందు వచ్చి ఉంటే, ఆ చుక్కలు లేకుండా ఉండి ఉంటే, పామర్రు సెంటర్ కంటే ముందే ఎవరైనా గమనించి ఉంటే. ఎవరి తప్పూ లేని చోట మనిషి ఎవరిని నిలదీస్తాడు?

మాష్టారు ఒంటరిగా చూసుకోలేక ఆవిడను నాగాయలంక తీసుకెళ్ళారు. పోతురాజు తన ఇంట్లో ఒక గది ఇచ్చాడు. ఒకసారి నేను వెళ్ళేసరికి వెనక వసారాలో పీట మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తున్నారు. నా పేరు తెలియదు, మాష్టారి పేరు తెలియదు. వేళ్ళు మాత్రం చకచకా తల తీసి, పెంకు లాగి, నరం తీసి గిన్నెలో వేస్తున్నాయి. నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"ఎవరి పిల్లవే?" అన్నారు.

"గూడూరు పిల్లనండీ."

"సదువుకుంటన్నావా?" మేడమ్ నోట ఆ యాస నేను ఎప్పుడూ వినలేదు. చిన్నప్పటి ఒడ్డు మీది మాట అది.

"చదువుకుంటున్నానండీ."

"సదువుకో. మజ్జెలో మానెయ్యమాక."

మానెయ్యనండీ అన్నాను. ఆవిడ తృప్తిగా తల ఊపి మళ్ళీ పనిలో పడ్డారు. మాష్టారు గుమ్మంలో నిలబడి వింటున్నారు. మా ఇద్దరి మధ్య ఆ ఆస్పత్రి గది మాటలు ఇంకా ఉన్నాయి. అయినా ఆ రోజు ఆయనే నాకు కంచం పెట్టారు.

వర్షాల్లో జ్వరం వచ్చింది. మింగడం కష్టమై, మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయి, అది నెమ్ము అయింది. ఆవిడ పోయారు. పోతురాజు నాకు ఫోను చేసింది మర్నాడు, అంత్యక్రియలు కూడా అయిపోయాక. నేను వెళ్ళేసరికి ఇంటి ముందు తాటాకు పందిరి కింద నీళ్ళు నిలిచి ఉన్నాయి. పోతురాజు ఏడుస్తూ నా దగ్గరికి వచ్చాడు. "అక్క తన తల కోసి చూడమన్నాదని నాకిప్పుడే బావ చెప్పాడు డాక్టరమ్మా. నాకు తెలవదు. తెలిసినా ఒప్పుకునేవోణ్ణి కాదేమో."

మాష్టారు లోపల మంచం అంచున కూర్చుని ఉన్నారు. నన్ను చూసి తల ఎత్తలేదు.

"ఫోను చేతిలోనే ఉందమ్మా. నీ నంబరు తీశాను. ఒక చెయ్యి ఆవిడ నుదుటి మీద ఉంది. ఇంకా వెచ్చగా ఉంది. నొక్కలేకపోయాను."

ఆయన పక్కన కూర్చున్నాను. ఆ నుదుటి మీద నా చెయ్యి ఉంటే నేను మాత్రం నొక్కగలిగేదాన్నా?

కొన్ని నెలల తర్వాత మాష్టారు ఒక్కరే విజయవాడ వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పరీక్ష రాయడానికి వచ్చినవాడిలా కుర్చీ అంచున కూర్చున్నారు.

"అమ్మా, జబ్బు లేనివాళ్ళ మెదడు దేనికన్నా పనికొస్తుందా?"

"వస్తుంది మాష్టారూ. పోల్చి చూడడానికి అవే దొరకవు."

"అయితే నాది రాసుకో. పోతురాజుకి చెప్పాను. ముందు అరిచాడు, తర్వాత ఏడ్చాడు, ఆ తర్వాత సరేనన్నాడు. వాడు ఫోను చేస్తాడు. నా కంటే గట్టివాడు." ఆగి, "ఆవిడ మాట నేను నిలబెట్టలేదు. నాది ఆవిడకి సరితూగదులే. ఆవిడది ఇస్తే మీకు ఎంత తెలిసేదో" అన్నారు.

నిజమే. ఎంత తెలిసేదో. ఆవిడ మెదడులోని కాపలా కణాలు చివరిదాకా ఆవిడను కాపాడాలని చూశాయో, ఏ రోజున ఎదురు తిరిగాయో, ఆ నల్ల చుక్కల చుట్టూ ఏం చేస్తున్నాయో నాకు ఇక ఎప్పటికీ తెలియదు. ఈ జబ్బు మీద వచ్చే పరిశోధనలు వారం వారం చదువుతూ ఉంటాను. వాటిలో పేర్లు లేని మనుషుల మెదడు ముక్కల బొమ్మలు ఉంటాయి, రంగులు వేసి, పెద్దవి చేసి. ప్రతి బొమ్మలోనూ ఆ చిన్న కణాలు ఎటువైపు తిరిగి ఉన్నాయో చూస్తాను, చెత్తను చుట్టుకుని ఉన్నాయా, నరాలను కొరుకుతున్నాయా అని. మేడమ్ బొమ్మ వాటిలో ఉండదని నాకు తెలుసు. అయినా వెతుకుతాను.